ఇంటర్వెల్ కబుర్లు: ఆట లోపల, పండగ బయట!

అమెరికా ఫుట్‌బాల్ అనగానే కాలిబంతి అనుకునేరు! పేరులోనే ఫుట్టు, ఆటంతా చేతులతోనే. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరుగెడుతుంటే, అవతలి జట్టువాళ్లు మీదపడి కూలదోస్తారు. ఆ ఆట సంగతి మనకెందుకు గాని, ఆటకి ముందు స్టేడియం బయట జరిగే సంబరం మాత్రం మన సినిమా పిచ్చోళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఇప్పుడా సంబరానికే చిక్కొచ్చి పడింది.

దాని పేరు టెయిల్‌గేటింగ్. కారుకీ ట్రక్కుకీ వెనకవైపు ఉండే తలుపుని వాళ్లు టెయిల్‌గేట్ అంటారు. ఆట మధ్యాహ్నం ఒంటిగంటకైతే అభిమానులు పొద్దున్నే పార్కింగ్ స్థలానికి చేరుకుంటారు. ఆ తలుపు దించి, దానిమీదే కూర్చుని, పక్కన కుంపటి రాజేస్తారు. మాంసం కాలుతుంది, ఐసుపెట్టెలో బీరు చల్లబడుతుంది, జట్టు జెండా ఎగురుతుంది. పక్క కారువాడు ముక్కూ మొహం తెలియనివాడే, అయినా ప్లేటు చేతికిస్తాడు. మన దగ్గర మొదటిరోజు మొదటి ఆట నాడు కటౌట్‌కి పాలు పోసేవాళ్లూ, డప్పులు కొట్టేవాళ్లూ, కాగితాలు చల్లేవాళ్లూ ఉంటారు చూడండి, అదే మోస్తరు. తేడా అల్లా వాళ్లు వంట కూడా అక్కడే చేసుకుంటారు.

ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. అమెరికాలో కాలేజీల మధ్య మొట్టమొదటి ఫుట్‌బాల్ ఆట 1869 నవంబరు 6న న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో జరిగింది. ఆ రోజే జనం గుర్రబ్బండ్ల దగ్గర తిండి వండుకున్నారని చెప్పుకుంటారు. నిజమో కథో గాని, వినడానికి బాగుంది.

సరే, చిక్కేమిటంటారా? ముందు ధర. పెద్ద పట్నాల్లో ఒక్క ఆటకి కారు నిలపడానికి యాభై డాలర్లు దాటడం మామూలైపోయింది. 2026 ప్రపంచ కప్‌కి (అది అసలు సిసలు కాలిబంతి లెండి) పార్కింగ్ చీటీలు 2025లోనే అమ్మకానికి పెట్టారు. తొలి దశ ఆటలకే 75 డాలర్ల నుంచి మొదలు! డాలస్ దగ్గర ఆర్లింగ్టన్‌లో సెమీఫైనల్‌కి 175 డాలర్లు. మన లెక్కలో పదిహేను వేలు దాటే మాట. అదీ ఆట టికెట్టు కాదు బాబూ, స్టాండు చీటీ! చిన్నప్పుడు మా ఊరి హాలు ముందు సైకిలు సీటు మీద చాక్‌ముక్కతో నంబరు గీసి సగం చీటీ చేతిలో పెట్టే కుర్రాడు ఈ లెక్క వింటే ఏమనేవాడో!

ఇక ఆంక్షలు. ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్ జట్టు ఆడే స్టేడియం 2009లో తెరిచారు. దాని చుట్టూ ఉన్న అన్ని స్థలాల్లోనూ ఈ సంబరం కుదరదు, కొన్నిట్లోనే. చాలాచోట్ల ఇదే వరస. ఎక్కడ నిప్పు పెట్టొచ్చో, ఎన్ని గజాల చోటు వాడుకోవచ్చో, ఎన్నింటికి గేటు తీస్తారో అన్నిటికీ ఓ చిట్టా. నగదు పుచ్చుకునేవాడు కూడా కరువే. ముందే ఫోన్‌లో కొనుక్కోవాలి.

అన్నిట్లోకీ తమాషా 2014 ఫిబ్రవరి నాటిది. న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో సూపర్ బౌల్ జరిగింది. భద్రత పేరుతో పార్కింగ్ చోటు సగానికి పైగా కోసేశారు. మిగిలినచోట ఏమన్నారో తెలుసా? మీ కారు గీతల మధ్య కూర్చుని తినండి, తాగండి, అభ్యంతరం లేదు, కుర్చీ వేశారో, కుంపటి తీశారో జాగ్రత్త! విందు చేసుకోవచ్చు గాని అది విందులా కనపడకూడదన్నమాట. కార్లు వద్దన్నారు కదాని జనం రైలెక్కారు. ఆట అయ్యాక ముప్పై వేలమందికి పైగా ఒక్కసారి స్టేషను మీద పడితే, గంటలకొద్దీ నిలబడి ఉక్కిరిబిక్కిరయ్యారు.

యజమానుల వాదన పూర్తిగా కొట్టిపారెయ్యలేం. పొద్దున్నుంచీ తాగినవాళ్లు కొట్టుకుంటారు, బొగ్గులు ఆర్పకుండా వదిలేస్తారు, చెత్త కొండలా పోగవుతుంది. అవన్నీ నిజాలే. కాని అసలు గుట్టు అక్కడ లేదు. సినిమా వ్యాపారం తెలిసినవాడికి అది ఒక్క మాటలో తెలుస్తుంది. ఫుట్‌బాల్ లీగ్‌లో టికెట్ల డబ్బులో కొంత భాగం మిగతా జట్లతో పంచుకోవాలి. పార్కింగ్ డబ్బు అలా పంచనక్కర్లేదు. మన హాల్లో టికెట్టు డబ్బులో డిస్ట్రిబ్యూటరుకి వాటా పోతుంది, స్టాండూ క్యాంటీనూ మాత్రం హాలువాడివి. అందుకే సమోసా ధర అలా ఉంటుంది! ఇంట్లో వండి తెచ్చుకున్న మాంసం మీద స్టేడియంవాడికి పైసా రాదు. లోపల కొనే తిండి మీద వస్తుంది. బయట పండగ తగ్గితే లోపల బేరం పెరుగుతుంది.

మన దగ్గరా ఈ తగాదా నడిచింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో, మల్టీప్లెక్స్‌ల్లో పార్కింగ్ దోపిడీకి కళ్లెం వేసింది. మొదటి అరగంట ఉచితం, ఆపైన బిల్లో సినిమా టికెట్టో చూపిస్తే మినహాయింపు. స్టాండు రాబడి లేక చస్తున్నామని హాళ్లవాళ్లు మొరపెట్టుకుంటే, 2021లో ఒంటి తెర హాళ్లకి మళ్లీ వసూలు చేసుకోనిచ్చారు. ఒంటి తెర హాలుకి ఆ డబ్బు బతుకుతెరువు, సరే. వేలకోట్ల ఫుట్‌బాల్ జట్టుకి?

నా కోపమల్లా ఇక్కడే. సీటు కొనలేని కుర్రాడికి ఆ పార్కింగ్ స్థలమే స్టేడియం. టికెట్టు లేకపోయినా వచ్చి, స్నేహితులతో తిని, రేడియోలో ఆట విని, అరిచి ఇంటికి పోయేవాడు. అతనికి మిగిలిన ఆ కాస్త చవక సరదా మీద కూడా ఇప్పుడు ధర చీటీ అంటించారు.

పార్కింగ్ స్థలం అంటే ఉత్త సిమెంటు నేల అనుకునేవాళ్లు 2023 మార్చి సంగతి గుర్తు తెచ్చుకోవాలి. ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన ఆ నెలలోనే, అదే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో టెస్లా కార్లన్నీ వరసగా నిలిపి, పాటకి తగ్గట్టు దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ ఆడించారు మనవాళ్లు! ఆ మొదటి ఫుట్‌బాల్ ఆట జరిగిన న్యూ బ్రన్స్‌విక్ ఎడిసన్‌కి పక్క ఊరే. అక్కడ కూడా గీతల మధ్యే ఉండండి, గంటకింత కట్టండి అని ఉంటే ఆ వీడియో మనం చూసేవాళ్లమా?

గ్రీన్ బే అనే ఊళ్లో మాత్రం జనం ఉపాయం కనిపెట్టారు. ఊరి జనాభా లక్ష పైచిలుకు, అక్కడి లాంబో ఫీల్డ్‌లో సీట్లు 81 వేలు! ఆట రోజున చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ పెరళ్లలో, ముంగిళ్లలో కార్లు పెట్టనిచ్చి డబ్బు పుచ్చుకుంటారు. పచ్చగడ్డి నలిగిపోయినా ఫర్వాలేదు, ఆ డబ్బు మాత్రం ఊరివాళ్లకే.

డాలస్‌లో అన్నయ్యో బావో ఉన్న పాఠకులు ఈ ముక్క రాసి పంపండి: ఆటకి వెళ్లేముందు పార్కింగ్ చీటీ ముందే కొనమనండి, ఏ స్థలంలో కుంపటి పెట్టనిస్తారో కనుక్కోమనండి. బిర్యానీ మాత్రం ఇంట్లోనే వండి తీసికెళ్తే నిప్పు గొడవే లేదు.