రక్తపోటు: వంశంలో ఉందని ఊరుకోరాదు

తండ్రి పక్షవాతంతో మంచాన పడితే, 'మా వంశానికే ఈ జబ్బుంది, రాసిపెట్టి ఉంటే తప్పుతుందా' అని కొడుకులు నిట్టూర్చి ఊరుకోవడం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో పరిపాటి. పిల్లలకు సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఆ సంగతి బయటికి పొక్కనివ్వనివారూ ఉన్నారు. రెండూ పొరపాటే.

తల్లిదండ్రులకు రక్తపోటు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే. అయితే ఇది ఒక్క జన్యువు వల్ల వచ్చేది కాదు. వందలాది జన్యువులు తలా కొంత ప్రభావం చూపుతాయి. వాటికి ఉప్పు, పొగ, మద్యం, స్థూలకాయం తోడైతే ముప్పు పెరుగుతుంది. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా వివరాలు పరిశీలించి 2018లో ప్రకటించిన పరిశోధనలో, పుట్టుకతో ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో సైతం మంచి అలవాట్లు గలవారికి రక్తపోటు తక్కువగా ఉన్నట్టు తేలింది.

వంశంలోని ముప్పు తెలుసుకోవడానికి ఖరీదైన జన్యు పరీక్షలు అక్కరలేదు. 30 ఏళ్లు దాటినవారి వివరాలు రాసుకునే ఆశా కార్యకర్త కాగితంలోనే ఆ ప్రశ్న ఉంది. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా రక్తపోటు, చక్కెర జబ్బు, గుండెజబ్బు ఉంటే 2 మార్కులు వేస్తారు. వయసు, అలవాట్ల మార్కులతో కలిపి 4 దాటినవారిని ముందుగా పరీక్షకు పంపాలి. నిజం దాచినవారు ఈ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

మార్కులు వేసి వెళ్లిపోతే సిబ్బంది బాధ్యత తీరదు. ఇంట్లో ఒకరికి రక్తపోటు ఉందని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఎదిగిన పిల్లలు అందరికీ పరీక్ష చేయాలి. చేలకు, కూలికి పోయేవారు పగలు ఇంట్లో దొరకరు కనుక ఉదయమో, సాయంత్రమో రావాలి. ముప్పు ఉందని భయపెట్టకుండా, ఏం చేస్తే తగ్గుతుందో విడమరచి చెప్పాలి.

ఇంటివారూ శ్రద్ధ వహించాలి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కన్నా తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సంగటిలోకి నంజుకునే ఊరగాయలో, దోసెపై పూసే ఎర్రకారంలో, అప్పడంలో ఉన్నదీ ఉప్పే. బీడీ, మద్యం మానాలి. రక్తపోటు చాలామందిలో ఏ బాధా తెలియకుండానే పెరుగుతుంది. కనుక ఒళ్లు బాగుందని మాత్రలు మానరాదు.

తండ్రి జబ్బు కొడుకుకు హెచ్చరిక కావాలి. మంచాన పడ్డాక ఆసుపత్రికి మోసుకుపోయే కన్నా, నడిచే కాలంలోనే వెళ్లి పరీక్ష చేయించుకోవడం మేలు.