కొత్త ఎస్‌ఎస్‌డీ కొనే ముందు పాత బిల్డ్ లాగ్స్ సంగతి చూడండి

డిస్క్ నిండిపోగానే ‘ఎన్ని జీబీల ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలి?’ అని అడిగేవాళ్లే ఎక్కువ. నారాయణఖేడ్ లాంటి ఊళ్లో ఇంట్లోనే ఓ పాత ల్యాప్‌టాప్‌ని బిల్డ్ సర్వర్‌గా పెట్టుకుని ఆండ్రాయిడ్ యాప్స్ చేసేవాళ్లకి ఇది చిన్న ఖర్చేం కాదు. చేత్తో చూసి కొనాలంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నన్నడిగితే, ఇప్పుడే కొనొద్దు.

మీరు వాడేది జెంకిన్స్ అయితే ముందు జాబ్ సెట్టింగ్స్ తెరవండి. ‘డిస్కార్డ్ ఓల్డ్ బిల్డ్స్’ దగ్గర మనం టిక్ పెడితే తప్ప అది పాతవేవీ తీసేయదు. మొదటి బిల్డ్ నుంచి నిన్నటిదాకా లాగ్స్, సేవ్ చేసిన ఏపీకేలు అన్నీ అలాగే పడి ఉంటాయి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో డీఫాల్ట్‌గా 90 రోజులకే ఇవన్నీ పోతాయి. సొంత సర్వర్‌ని ఊడ్చుకోవాల్సింది మాత్రం మనమే. ఖాళీ 1 జీబీ కంటే తగ్గితే జెంకిన్స్ మామూలుగా ఆ నోడ్‌ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది. అదీ సరిగ్గా క్లయింట్‌కి రిలీజ్ ఇవ్వాల్సిన రాత్రే (ఎందుకో మరి!).

‘స్టోరేజ్ చవకే కదా, ఉంచుకుంటే పోయేదేముంది’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. గత ఏడాది ఫెయిలైన డీబగ్ బిల్డ్ లాగ్‌ని మళ్లీ ఎవరు చదువుతారు? పైగా పొరపాటున ప్రింట్ అయిన పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు ఉండిపోయేది కూడా ఆ లాగ్స్‌లోనే.

అలాగని గుడ్డిగా డిలీట్ కొట్టకండి. ప్లే స్టోర్‌కి పంపిన ప్రతి వెర్షన్ మ్యాపింగ్ ఫైల్ దాచాల్సిందే. ఆర్8 పేర్లన్నీ కుదించేస్తుంది కాబట్టి, అది లేకపోతే యూజర్ ఫోన్‌లో వచ్చిన క్రాష్ రిపోర్ట్ మనకి అర్థం కాదు. అలాంటి బిల్డ్‌కి ‘కీప్ దిస్ బిల్డ్ ఫరెవర్’ నొక్కండి, మ్యాపింగ్ ఫైల్‌ని వేరే చోట కూడా కాపీ పెట్టుకోండి. మిగతావాటికి లాగ్స్ 30 రోజులు, ఏపీకేలు వారం చాలు. అడ్వాన్స్‌డ్‌లో ఆర్టిఫాక్ట్స్‌కి రోజులు విడిగా ఇవ్వొచ్చు. నిజానికి చోటు ఎక్కువ తినేది ఏపీకేలే.

ఇంకో మాట. నడుస్తున్న ప్రోగ్రామ్ రాస్తున్న లాగ్‌ని లైనక్స్‌లో డిలీట్ చేసినా, ఆ ప్రోగ్రామ్ ఫైల్‌ని వదిలేదాకా ఖాళీ పెరగదు. చాలామంది కంగారుపడేది ఇక్కడే. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

ఇదంతా చేశాక, గ్రేడిల్ క్యాష్ కూడా శుభ్రం చేశాక, ఇంకా నిండుతుంటే అప్పుడు 512 జీబీ తీసుకోండి. అయితే పాత ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ ఉందా, 2.5 ఇంచ్ సాటాయేనా అన్నది బస్సెక్కకముందే చూసుకోండి.