మిద్దె మీద తీగ, పడోసీ మనసులో షక్



గిద్దలూరులో మా ఫుప్పు వాళ్ల మిద్దె మీద ఒక తీగ లేచింది. ఈ కొసన ఇనుప పైపు, ఆ కొసన వేపచెట్టు. కట్టింది ఫుప్పు కొడుకు. హైదరాబాద్‌లో నౌకరీ, హామ్ రేడియో షౌక్. పరీక్ష రాసి వీయూతో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్నాడు.

అక్కడి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ యాంటెన్నాకు ఇజాజత్ ఇవ్వలేదు. ఇచ్చినా ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు చేసే రొదలో దూరపు సన్నని ఆవాజ్ వినబడదు. అందుకని సెట్టు గిద్దలూరులో పెట్టి, ఇంటర్నెట్ మీదుగా లాప్‌టాప్‌తో నడపాలని ప్లాను. మాట హైదరాబాద్‌లో అంటాడు, తరంగం మన మిద్దె మీది నుంచి లేస్తుంది. దీన్నే రిమోట్ స్టేషన్ అంటారు.

"ఇదేం రేడియో, ఇంటర్నెట్టేగా" అని మూతి విరిచే హాములూ ఉన్నారు. ఆ బహస్‌లో నాకు దిల్‌చస్పీ లేదు. అవతలివాడికి చేరేది యాంటెన్నా వదిలిన తరంగమే కదా. నా ఫికర్ వేరే.

మూడో రోజే ఎదురింటాయన అడిగాడు: "ఏం బూబమ్మా, ఏం మిషనది? ఎవరితో మాట్లాడతారు?" మర్యాదగానే అడిగాడు. కానీ ముసల్మాను మిద్దె మీద తీగ కనబడినప్పుడు ఆ సవాల్ మన చెవికి ఎలా తగులుతుందో మీకు చెప్పాలా? మనిషి లేని గదిలో సెట్టు పలుకుతుంటే ఫుప్పు మాత్రం ఏం జవాబు చెప్తుంది?

నిజానికి హామ్ రేడియోలో దాపరికం కుదరదు. రహస్య సంకేతాల్లో మాట్లాడటం మనా. కాల్‌సైన్ చెప్పుకోవాలి, సెట్టున్న ఎవరైనా వినొచ్చు. లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. అయితే మొహల్లాకు కాగితం చూసి యకీన్ కుదరదు, మనిషిని చూసి కుదురుతుంది.

2004 డిసెంబరు యాది చేసుకోండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది, ప్రపంచంలోని హాములతో మాట్లాడే షౌక్‌తోనే. 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్ల సెట్లు పలికాయి, ఎన్నో కుటుంబాలకు తమవాళ్ల ఖైరియత్ తెలిసింది. ఆమె పేరు ఇంకా గుర్తుండటానికి కారణం సెట్టు కాదు, దాని ముందు కూర్చున్న మనిషి.

అందుకే వాడికి చెప్పాను. రిమోట్‌గా నడపొచ్చా అని లైసెన్సు ఆఫీసును ముందు రాసి అడుగు. జవాబొచ్చేదాకా సెట్టు ఆన్ చేయొద్దు. లైసెన్సు నకలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రా. ఎదురింటాయన్ను చాయ్‌కి పిలిచి సెట్టు చూపించు.

"మనమే ఎందుకు ఇన్ని సఫాయీలు ఇవ్వాలి భాయ్?" అన్నాడు. కోపం గలత్ కాదు. ఇతరుల మిద్దెల మీద డిష్‌ల గురించి ఎవరూ అడగరు. కానీ సవాల్ వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడేది వాడు కాదు, వాళ్లమ్మ. వాడి షౌక్‌కు ఆమె ఎందుకు భయపడాలి?

ఇంకో మాట కూడా అన్నాను. ఇంట్లో చెల్లెలుంది, డిగ్రీ చదువుతోంది. 12 ఏళ్లు నిండితే ఆ పరీక్ష రాయొచ్చు, ఆమెతోనూ రాయించు. అప్పుడు సెట్టు పక్కన జిమ్మేదారీగా ఒక మనిషి ఉంటుంది.

పిల్ల అప్పుడే పుస్తకం పంపమందట. ఫుప్పు షర్తు ఒక్కటే: మగ్రిబ్ వేళ సెట్టు బందు.