గంటానికి మనుమడు



మా ఇంటికి అల్యూమినియముపై "అక్షర" అని నామఫలకము చెక్కించవలెనని హనుమకొండలో ఒక దుకాణానికి వెళ్ళాను. "ఇంగ్లీషుల అయితే సాయంత్రానికే ఇస్త సార్, తెలుగంటే కష్టం" అన్నాడు అక్కడి అబ్బాయి. ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవానికి ఆ మాట ఎట్లుంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంజనీరింగు చదివే మా మనుమడు "తాతా, మనమే చేద్దాం" అని తన గదిలోని చిన్న సీయన్సీ యంత్రాన్ని చూపాడు. 30 సెం.మీ. పొడవు, 18 సెం.మీ. వెడల్పు గల బల్ల. దానిపై గిరగిర తిరిగే ముల్లు. కంప్యూటరు చెప్పిన దారిన అది లోహాన్ని చెక్కుతుంది.

చిన్ననాడు అన్నము తిన్న సత్తుగిన్నెల లోహమే కదా, మెత్తనిదేనని తేలికగా తీసుకొన్నాను. ఆ మెత్తదనమే చిక్కు. వేడెక్కితే ముల్లు పంటికి బంకలా అతుక్కుంటుంది; ముల్లు పుటుక్కుమంటుంది. మొదటినాడు రెండు విరిగాయి. పిమ్మట ఒకే పన్ను గల ముల్లు బిగించి, చుక్క చుక్కగా మిషన్ నూనె వేస్తూ, మారుకు మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే దింపితే మెరిసే పొట్టు రాలింది. వేడి ఆ పొట్టుతోనే పోతుందట.

అప్పుడొక సంగతి గమనించి పొంగిపోయాను. తిరిగే ముల్లు గుండ్రనిది గనుక లోపలి మూలలను సూదిగా చెక్కలేదు. ఇంగ్లీషు 'ఈ' అక్షరం మూలలన్నీ మొద్దుబారవలసినదే. మన అక్షరాలకు తలకట్టు దగ్గర తప్ప మూలలెక్కడివి? తాటాకు చినుగకుండ గంటంతో వ్రాయడం వల్లనే మన లిపి గుండ్రనయినదంటారు. ఈ యంత్రం ఆ గంటానికి మనుమడే!

ఐతే ఫలకం మాత్రం చెడింది. చెక్కుడు సాఫ్టువేరులో 'క్ష' విడిపోయి పొల్లు వేరు, 'ష' వేరు అయింది. తెలుగు పెట్టెలు పెట్టెలుగా కనబడిన కాలము మీకు జ్ఞాపకమే. దానికి ఉపాయముంది: ఇంక్‌స్కేపులో వ్రాసి, అక్షరాన్ని గీతలుగా మార్చి ఇచ్చాము. అసలు కష్టం తరువాతిది. మన బమ్మెరవాని పేరు పెట్టుకొన్న పోతన ఫాంటు తీసుకొన్నా, మరొకటి తీసుకొన్నా, ఫాంటులో ఉండేది అక్షరపు అంచు. యంత్రం ఆ అంచులను రెండువైపులా గీసి, ఒక్క గీత ఉండవలసిన చోట రైలుపట్టాలు వేసింది. మధ్యనంతా తవ్వించవచ్చును; కాని చిన్న అక్షరాలలో 'క్ష' లోపలి సుడి ముల్లుకంటె సన్ననిది, పూడిపోతుంది.

ఇంగ్లీషుకు ఈ బాధ ఎప్పుడో తీరింది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలోని హెర్షీ 1967 నాటికే ఒంటిగీత అక్షరాలు కూర్చాడు. గ్రీకు, రష్యను, జపాను లిపులకు కూడ. తెలుగుకు అటువంటిది ఎంత వెదకినా మాకు దొరకలేదు.

ఇది ప్రోగ్రామర్ల పని మాత్రమే అనుకోవడం పొరపాటని నా వాదము. యంత్రం అడిగేదేమిటి? ముల్లు ఎక్కడ దించాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ ఎత్తాలి. పలకపై పిల్లవాని చేయి పట్టి దిద్దించిన ప్రతి పంతులుకూ తెలిసిన విద్యే. ఆ క్రమం తెలియనివాడు గీస్తే అక్షరం చూడ్డానికి ఉంటుంది, వ్రాసినట్లుండదు. తలకట్టు ముందా వెనుకా అన్నది కూడ ఎవరో ఒకరు కూర్చుని తేల్చవలసినదే. ఫాంట్లు చేసిన మిత్రులు, బడిపంతుళ్ళు కలిసి కూర్చుంటే కొన్ని వారాల పని.

నేను గళ్ళ కాగితంపై అచ్చులు, హల్లులు గీసి, బాణపు గుర్తులు పెట్టాను. మనుమడు వాటిని ఎక్కిస్తున్నాడు. గుణింతపు గుర్తులు సగమైనవి, ఒత్తులు మిగిలాయి. 'క్ష' దగ్గర మాత్రం ఆగిపోయాము. నేను ఎడమ సుడి నుండి మొదలుపెడతాను. మా ఆవిడ కుడినుండి. మీ బడిలో ఎట్లా దిద్దించారు?