గ్రంథాలయోద్యోగులకు స్వాధ్యాయకాలము

విద్య నాలుగు దశలలో ఉపయోగమునకు వచ్చునని పతంజలి మహాభాష్యమున పస్పశాహ్నికములో చెప్పియున్నాడు. గురువు వలన గ్రహించునది ఆగమకాలము. తనంతట తాను అభ్యసించునది స్వాధ్యాయకాలము. ఇతరులకు చెప్పునది ప్రవచనకాలము. కార్యములందు వినియోగించునది వ్యవహారకాలము. శబ్దశాస్త్ర సందర్భమున వచ్చిన ఈ మాట గ్రంథాలయోద్యోగుల చేతిఫోనుకును వర్తించునన్నచో పండితులు నవ్వుదురేమో. కాని సామాజిక మాధ్యమములను వృత్తిలో వాడుటకై వారికి సాధారణముగ లభించు శిక్షణను పరికించినచో ఆ నవ్వు నిలువదు. ఒక దినమో రెండు దినములో కార్యశాల, తెరపై కొన్ని బొమ్మలు, మధ్యాహ్నభోజనము, సాయంకాలమునకు ప్రమాణపత్రము, దానిని పట్టుకొని నిలుచున్న ఛాయాచిత్రము. ఆగమకాలము అంతటితో సమాప్తము. తక్కిన మూడింటికి వేళ లేదు, అనుమతి లేదు, పెక్కుచోట్ల కార్యాలయమునకు చెందిన ఫోను కూడ లేదు.

ఈ కొరత వలన కలుగు నష్టమును చూడదలచినవారు దూరము పోనక్కరలేదు. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకు చేరువనున్న నగర కేంద్ర గ్రంథాలయమునకు ఏ ఉదయమైనను పోయి చూడవచ్చును. అశోక్‌నగర్ శిక్షణకేంద్రములలో చేరి ఇరుకు గదులలో కాలము గడుపు జిల్లాల యువతీయువకులు, నారాయణగూడ కళాశాలల విద్యార్థులు అక్కడ చోటు కొరకు ముందుగనే చేరుదురు. బల్లలు నిండిన పిదప ఆవరణలోని చెట్లనీడలను ఆశ్రయింతురు. వారి ముందున్న పుస్తకములు మాత్రము చాలవరకు వారు వెంట తెచ్చుకొన్నవే. గ్రంథాలయము వారికి నీడను, నిశ్శబ్దమును ఇచ్చుచున్నది. గ్రంథమును ఇచ్చుట అరుదైపోయినది. పుస్తకములను ఎరిగిన ఉద్యోగి కుర్చీలకు కాపరియైనాడు. ఇందు పాఠకుని దోషమును లేదు, ఉద్యోగి దోషమును లేదు. బీరువాలో ఏమున్నదో పాఠకునికి తెలియదు. పాఠకునికి ఏమి కావలెనో బీరువా తాళములు గలవానికి తెలియదు. ఇద్దరి నడుమ మాట నిలిచిపోయినది.

ఒక్క ఉదాహరణము చాలును. తెలంగాణములో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానముగ సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి 354 మంది కవులను లోకమునకు చూపినారు. పోటీపరీక్షలకు సిద్ధమగువారిలో ఈ సంవత్సరమును, ఈ సంఖ్యను కంఠస్థము చేయనివారు అరుదు. ఆ సంచికను చేతబట్టి ఒక పుట త్రిప్పినవారు అంతకంటె అరుదు. గైడు పుస్తకములో అది ఒక పంక్తి, దాని క్రింద నాలుగు వికల్పములు. ఒక జాతి తన వాఙ్మయమును గూర్చి వచ్చిన మాటను ఎట్లు ఎదుర్కొన్నదో ఆ పంక్తి చెప్పదు. గ్రంథాలయోద్యోగి ఒకడు ఆ సంచిక ముఖపత్రమును ఛాయాచిత్రము తీసి, దాని వెనుకనున్న వాదమును నాలుగు వాక్యములలో వ్రాసి, ఏ బీరువాలో ఏ సంఖ్యతో లభించునో తెలిపి పాఠకుల ఫోనులకు పంపినచో, ఆ మధ్యాహ్నము పదిమందియైన లేచి అటు నడుతురు. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును తెచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ విషయమును ఇంతే. ప్రతి పాఠకునికి అతని గ్రంథము, ప్రతి గ్రంథమునకు దాని పాఠకుడు లభింపవలెనని 1931లోనే సూత్రీకరించిన రంగనాథన్‌గారు నేడు ఉండినచో ఈ పనికి ఒక గుమాస్తాను తప్పక నియమించియుందురు.

పాఠకుడున్న చోటికి గ్రంథమును నడిపించుట తెలుగువారికి క్రొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు మండలమున పెదవడ్లపూడి, కొల్లిపర గ్రామముల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపినారు. కాలువగట్ల జనము పుస్తకముల కొరకు ఊరు దాటి రాలేరు గనుక పుస్తకములే ఊరూరికి పోయినవి. నేటి అశోక్‌నగర్ యువకుడు గ్రంథాలయపు గోడల నడుమ కూర్చుండియు ఆ గట్టుమీది రైతు కంటె దూరముగ ఉన్నాడు; అతనిని చేరు కాలువ అతని ఫోనులో ప్రవహించుచున్నది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయము కూడ పుస్తకములకు గూడు మాత్రమే కాక, చదువరులు కూడి మాటలాడుకొను తావుగ ఉండెను. సామాజికత గ్రంథాలయమునకు ఫోనుతో వచ్చిన గుణము కాదు. ఫోను రాకముందే పోయిన గుణము.

చేతిఫోను పఠనమునకు శత్రువు, దానిని గ్రంథాలయోద్యోగి చేత పెట్టుట విపరీతము అని ఆక్షేపించు పెద్దలున్నారు. వారి బాధ నిష్కారణము కాదు. అయినను పాణినీయశిక్ష వ్రాతను చూచి చదువువానిని అధమపాఠకుల పంక్తిలో కూర్చుండబెట్టినదని మరువరాదు. ఆ శిక్షను గౌరవించిన పరంపరయే తాళపత్రములను వ్రాసినది, వాటికి నూనె పూసి కాపాడినది, తరువాత అచ్చుపుస్తకమును పీటమీద పెట్టి పూజించినది. అధమపాఠకులు లేనిచో ఓరియంటల్ కళాశాలలకు గ్రంథాలయములే ఉండెడివి కావు.

ఇక నేర్పు విధానము. అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రమున షార్లెట్ మెక్లెన్‌బర్గ్ మండల గ్రంథాలయము 2006లో ఒక ప్రయత్నము చేసినది. హెలెన్ బ్లోవర్స్ అను అధికారిణి దానిని రూపొందించినది. ఉద్యోగులు స్వయముగ చేసి చూడదగిన ఇరువదిమూడు చిన్న అభ్యాసములను ఆమె వరుసపరచినది. ఫొటోను తెరపై ఉంచుట, అంతర్జాలమున దినచర్య వ్రాయుట, పుస్తకముల జాబితాను పదిమందితో పంచుకొనుట మున్నగునవి అందున్నవి. ఎవరి తీరికను బట్టి వారు కొన్ని వారములలో ముగింపవచ్చును. చేసినదానిని ఎవరికి వారే వ్రాసి తోటివారికి చూపవలెను. పూర్తిచేసినవారికి పాటలు వినెడి చిన్న యంత్రము బహుమానము. విధానము దేశదేశముల గ్రంథాలయములకు ప్రాకినది. ఆమె పతంజలిని చదివియుండదు. కాని స్వాధ్యాయము, ప్రవచనము, వ్యవహారము మూడును అందు ఇమిడియున్నవి.

విచిత్రమేమనగా, ఆ కాలపు ఉపకరణములలో అనేకములు నేడు లేవు. గూగుల్ రీడర్ 2013లో మూతపడినది. మన దేశమున ఒకనాడు యువత అంతయు మునిగియుండిన ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో అస్తమించినవి. ఉపకరణమును మాత్రమే నేర్చినవానికి దానితోపాటు విద్యయు పోయినది. క్రొత్తదానిని భయపడక విప్పి చూచు అభ్యాసమును సంపాదించినవాడు వాట్సాప్‌నకును, టెలిగ్రామ్‌నకును తడవుకొనకుండ మారినాడు. ఫలాని మీటను నొక్కవలెనని మాత్రమే చెప్పి పంపు కార్యశాలలకు ఈ భేదము పట్టినట్లు లేదు.

గ్రంథాలయము ఈ మాధ్యమములలోనికి దేనిని తీసికొనిపోవలెను? అక్కడ పాటలకు, పరిహాసములకు కొదువ లేదు. పరీక్షల గైడులకు అసలే కొదువ లేదు. కొదువగనున్నది ఆప్తవాక్యము. ఉన్నదున్నట్లు పలుకువాడే ఆప్తుడని తార్కికులు నిర్వచించినారు. 2024 అక్టోబరులో గ్రూపు-1 ప్రధాన పరీక్షను వాయిదా వేయవలెనని అభ్యర్థులు అశోక్‌నగర్ వీధులలో ఆందోళన చేసినారు. పరీక్ష జరుగునా, జరుగదా అన్న ప్రశ్నతో వేలమంది నిద్రలేని రాత్రులు గడపిన దినములవి. చివరకు 21వ తేదీననే పరీక్షలు మొదలైనవి. అట్టి సమయమున కమిషన్ ప్రకటనను తేదీతో, మూలముతో సహా యథాతథముగ చూపి, అందులేని మాటను చేర్చక ఊరకుండు గొంతు ఒకటి ఆ పేటలో ఉండవలెను. పార్టీయు, వ్యాపారమును లేని గ్రంథాలయము కంటె ఆ పనికి తగినది ఏది? పక్షము వహించుట దాని పని కాదు. పత్రమును చూపుట దాని పని.

అందుకు ఉద్యోగికి కొన్ని సూక్ష్మములు తెలిసియుండవలెను. వాట్సాప్ గ్రూపులో చేరిన పాఠకురాలి ఫోను సంఖ్య ఆ గ్రూపులోని వందలమందికి కనబడును. 2023లో వచ్చిన చానల్ పద్ధతిలో తోటి పాఠకులకు కనబడదు. ఇంటికి దూరముగ వసతిగృహమున ఉండి చదువుకొను ఆడపిల్లకు ఇది చిన్న భేదము కాదు. అట్లే, పుస్తకమును పుటపుటయు ఫోటో తీసి పంపుట సేవ కాదు, చట్టవిరోధము; మన దేశమున రచయిత గతించిన పిమ్మట అరువది సంవత్సరముల వరకు హక్కు నిలిచియుండును. ఈ గడువు దాటిన పాత తెలుగు గ్రంథములను వికీసోర్స్‌లో చేర్చుటకు మాత్రము అడ్డు లేదు. 1953లో గతించిన ప్రతాపరెడ్డిగారి రచనలు ఇప్పుడు ఆ కోవలోనివే. ఇట్టి వివేకము ఒక దినపు కార్యశాలలో అబ్బునది కాదు.

వేళ ఎక్కడిదని ఉద్యోగులు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. పౌరులు కట్టు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ సుంకము కలదు. అది సంస్థలకు సకాలమున చేరుట లేదన్న వార్త పత్రికలకు పాతబడిపోయినది. పదవీవిరమణ చేసినవారి స్థానములు నిండుట లేదు. ఉన్నవారు సెలవుదినమున, సొంత ఫోనుపై, సొంత ఖర్చుతో నేర్చుకొనవలెననుట అధర్మము. ఉద్యోగమునకు అవసరమైన విద్యను ఉద్యోగకాలమునందే నేర్వనీయవలెను.

వారమునకు మూడు గంటలు పనివేళలలోనే కేటాయించి, గ్రంథాలయము పేర ఒక ఫోనును కొని, ఎవరు వ్రాయుదురో, ఎవరు సరిచూతురో ఒక ఉత్తరువులో తెలుపుట సంస్థకు భారము కానేరదు. వయసు మీరినవారిని ఇందుండి తప్పింపరాదు. యంత్రము చిన్నవారికి తెలియును, పుస్తకము పెద్దవారికి తెలియును, ఇద్దరును ఒక బల్లవద్ద కూర్చుండవలెను. నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో దండలకు, ఉపన్యాసములకు పోగా మిగిలిన ఒక దినమున దీనిని ఆరంభింపవచ్చును. ఆ దినమునకు కావలసిన సామగ్రి అక్సెషన్ రిజిష్టరు ఒక్కటే. దినమునకొక్క గ్రంథము వంతున ఎన్నుకొని, పేరు, కర్త, సంవత్సరము, బీరువా సంఖ్య, ఎవరికి పనికివచ్చునో రెండు వాక్యములు వ్రాసి పంపిన చాలును. ప్రత్యుత్తరముగ పాఠకుడు అడుగు తొలి ప్రశ్నను ఆ రిజిష్టరు ప్రక్కనే మరియొక పుస్తకమున వ్రాసియుంచవలెను.