చక్రాల మీది గూడు

ఇల్లు కదలదు, బండి నిలవదు. ఈ రెండింటినీ ఒక్కచోట చేర్చాలన్న కోరిక మానవునికి ఈనాటిది కాదు. కొండదారులలోను, మట్టిబాటలలోను పోగల వాహనాన్ని కొని, దాని వెనుక భాగంలో పడక, వంటబల్ల, సామానుల అరలు కొయ్యతో అమర్చుకొని, దానినే ఇల్లుగా చేసుకొని తిరిగేవారు ఇటీవల మన దేశంలోనూ కనిపిస్తున్నారు. ఇటువంటి దానిని కాంపర్ వాహనం అంటున్నారు. నరసరావుపేట నుండి మాచర్ల మీదుగా నాగార్జునసాగరానికో, ఎత్తిపోతల జలపాతానికో, ఎర్రగొండపాలెం, దోర్నాల దారిని నల్లమలలోకో పోయే బాటసారికి అది ఎంత అనుకూలమో చెప్పనక్కరలేదు. అయినా, ‘ఇది డబ్బున్నవారి వేడుక, దీనితో సామాన్యునికేమి పని?’ అని తోసిపుచ్చేవారే ఎక్కువ. ఆ అభిప్రాయం తొందరపాటుతో కూడినది. వాహనం ఎవరిదైనా కావచ్చు. దాని లోపలి కొయ్యపని ఎవరు చేయాలి, ఏ విద్యతో చేయాలి అన్నదే ఆలోచింపదగిన ప్రశ్న. ఆ విద్య పల్నాటి వడ్రంగుల ఇళ్ళలో తరతరాలుగా ఉన్నది. పని లేక ఇప్పుడది అడుగంటుతున్నది.

ప్రయాణ సాధనాన్ని నివాసయోగ్యంగా తీర్చుకోవడమన్నది సాహిత్య విద్యార్థులకు అపరిచితమైన విషయం కాదు. శూద్రకుని ‘మృచ్ఛకటికం’లో కథ మలుపు తిరిగేది తెరలు కట్టిన బండి వద్దనే. బండిలో పరచవలసిన ఆస్తరణం మరచిపోయిన బండివాడు దానికోసం వెనుదిరిగి వెళ్ళడం, ఆ వ్యవధిలో మరొక బండి వచ్చి అక్కడ నిలవడం, వసంతసేన పొరపాటున దానిలోకి ఎక్కడం – ఇంత అనర్థమూ ఒక్క పరుపు మూలంగా వచ్చిపడింది! బండి లోపలి అమరిక ఆనాటి నాగరకులకు ఎంత అవసరమో దీనివలన తెలుస్తుంది. తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. పదిహేను నెలలకు పైబడిన ఆ యాత్రలో బోయీలు మోసే సవారీ, వెంట గుడారాలు, పరివారం ఉండేవి. రాత్రి బస ఎక్కడ, వంటకు నీరు ఎక్కడ అన్న చింత ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో పుటపుటనా కనిపిస్తుంది. నేటి కాంపర్ వాహనదారుని చింత కూడా అదే.

సవారీలు సంపన్నులవి. రైతుకు గూడుబండి ఉండేది. దాని నిర్మాణాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలి. చక్రానికి నడుమ కుండ, కుండలో నాటిన ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ పూటీలు, వాటిని చుట్టి ఇనుప కమ్మి. కమ్మిని ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవారు. చల్లబడిన ఇనుము ముడుచుకొని, అన్ని కొయ్యలనూ ఒక్కటిగా బిగించేది. మేకులతో పని లేదు. బండి పైభాగంలోనూ ముఖ్యమైన అతుకులన్నీ ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి, రెండవ కొయ్యకు వేసిన తొలిలో దిగవేసి, చీల కొట్టినవే. కొన్నిచోట్ల మోకులతో కట్టి వదిలేవారు. ఆ వదులు చేతకానితనం వలన వచ్చినది కాదు. రాళ్ళబాటలో ఒక చక్రం గుంటలో దిగి, రెండవది గట్టుమీద ఉన్నప్పుడు బండి మెలితిరుగుతుంది. ఆ మెలికకు లొంగే చోటు లేని బండి విరుగుతుంది. ఆ సంగతి తెలిసిన వడ్రంగి ఎక్కడ బిగించాలో, ఎక్కడ విడవాలో తెలిసి పని చేసేవాడు. ఇక గూడులో పరచిన వరిగడ్డిని చూడండి: మనుషులకు పరుపు, మజిలీలో ఎడ్లకు మేత. ఒకే వస్తువుతో రెండు పనులు సాధించే ఈ యుక్తి ఈనాటి చిన్నవాహనంలో ఎంతైనా అవసరం.

ఎద్దుబండి వెనుకబడినప్పుడు ఈ విద్య ఒక్కసారిగా మాసిపోలేదు. మహాశివరాత్రికి నరసరావుపేట చుట్టుపట్ల గ్రామాల నుండి కోటప్పకొండకు తరలే ప్రభలను చూసినవారికి అది విదితమే. ఎనభై అడుగులు మించిన ప్రభలు సైతం బండి మీద నిలిచి, గతుకుల దారిలో ఊగుతూ, మోకుల ఆధారంతో కూలకుండా కొండకు చేరతాయి. ఎడ్లకు బదులు ట్రాక్టర్లు వచ్చినా, ఎత్తైన కొయ్యకట్టడాన్ని కదిలే చక్రాల మీద నిలపడమన్న సమస్య మారలేదు. లారీలు వచ్చిన తరువాత విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వడ్రంగులు లారీ బాడీలు కట్టారు. డ్రైవరు వెనుక క్లీనరు పడుకునే బల్లను కూడా వారే అమర్చారు. 1982లో నందమూరి తారక రామారావు ఒక పాత షెవర్లే వ్యానును ప్రచార రథంగా మార్పించి, ‘చైతన్య రథం’ అని పేరుపెట్టి, నెలల తరబడి దానిలోనే రాష్ట్రమంతటా పర్యటించారు. రాజకీయాలను పక్కన పెడితే, తెలుగునాట అందరికీ తెలిసిన నివాస వాహనం అదేనేమో! కాలక్రమంలో లారీల క్యాబిన్లు కర్మాగారాలకు తరలిపోయాయి. కొత్తగా తయారయ్యే 3.5 టన్నులు మించిన సరకు వాహనాల క్యాబిన్లలో ఏసీ ఉండి తీరాలన్న నిబంధనతో ఆ పని వడ్రంగికి మరింత దూరమైంది. డ్రైవర్లకు అది మేలే. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని, పని పోగొట్టుకున్నవారికి వేరొక పని చూపవలసిన బాధ్యత ఒకటి మిగిలే ఉన్నది.

కాంపర్ వాహనం ఆ పనిని చూపగలదు. అయితే ఇంటికి తలుపులు, అల్మరాలు చేసే పనికీ, దీనికీ చాలా భేదం ఉన్నది. ఇంటిలో వడ్రంగి తూకపు గుండును, రసమట్టాన్ని నమ్ముతాడు. వాహనం నిలిచిన నేల వాలుగా ఉంటే ఆ రెండూ మోసం చేస్తాయి. ఇక్కడ కొలతలన్నిటికీ వాహనం నేలరేకే ఆధారం. వాహనపు గోడలలో ఎక్కడా నిటారైన గీత కనపడదు. పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. అందుచేత ముందుగా అట్టముక్కను గోడ వంపునకు సరిపోయేదాకా కత్తిరించి, ఆ అచ్చును చెక్కపైన ఉంచి గీసుకోవాలి. ఆపైన బరువు లెక్క. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ పలక ఒక్కటే 20 కిలోలకు పైగా తూగుతుంది. అటువంటివి పది వాడితే 200 కిలోలు దాటినట్టే. నూరు లీటర్ల నీరు మరొక 100 కిలోలు. ఈ బరువంతా పైఅరలలోకి చేరితే మలుపులో వాహనం ఒరుగుతుంది. ఒక పక్కకే చేరితే కమాను పట్టీలు ఆ పక్కకు కుంగుతాయి. కనుక నీటితొట్టి, బరువైన సామాను నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల నడుమ ఉండాలి. పైఅరలు దుప్పట్లకు, బట్టలకు.

అతుకుల విషయంలో బండి వడ్రంగి పాఠమే శిరోధార్యం. ఎడతెగని అదురుకు మేకు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. తొలిలో దిగిన అతుకు, జిగురు, మరచీల కలిస్తేనే నిలకడ. ఇనుప భాగానికి బిగించేచోట నైలాన్ వలయం గల నట్లు, నడుమ రబ్బరు బిళ్ళలు వేయాలి. గతుకులలో చట్రం మెలితిరిగినప్పుడు ఆ రబ్బరు లొంగి కొయ్యను కాపాడుతుంది. మోకులతో కట్టి వదిలిన పాత బండి వదులే ఇక్కడ రబ్బరు రూపం దాల్చింది. సొరుగులకు గడియలు లేకపోతే తొలి ఎత్తుదిగుడులోనే గిన్నెలు నేలపాలవుతాయి. పడకకు నిండు పలక కన్న, సందులు విడిచి పేర్చిన పట్టెలు మేలు. బరువు తగ్గుతుంది, పరుపు కింద చెమ్మ చేరదు. గ్యాస్ సిలిండరును వేరే అరలో ఉంచి, ఆ అర అడుగున గాలి పోయే రంధ్రం తప్పక విడవాలి. వంటగ్యాస్ గాలికన్న బరువైనది. కారితే నేలమట్టాన పేరుకొంటుంది. తలుపులు మూసుకొని నిద్రించే చోట ఈ ఒక్క రంధ్రం ప్రాణరక్షకం. అందచందాల గురించి ఎంతో చెప్పే యజమాని దీనిని గురించి అడగకపోవడం విచిత్రం.

ఇక్కడే ఒక ధోరణిని ఖండించవలసి ఉన్నది. ఏదో శీతల దేశపు వాహనం ఛాయాచిత్రాన్ని తెచ్చి, ‘అచ్చం ఇలాగే చేయి’ అని వడ్రంగికి చూపడం పరిపాటి అయింది. ఆ దేశపు గాలికి సరిపడిన చెక్క పల్నాటి ఎండకు నిలవాలని ఎక్కడ ఉన్నది? రెంటచింతల ఎండ రాష్ట్రంలో పేరుమోసినది. మే నెలలో మూసి నిలిపిన వాహనం లోపల వేడి బయటికంటె ఎంతో అధికం. అక్కడ ఎండి ముడుచుకొన్న పలక, అదే వాహనం వర్షాకాలంలో అరకు కొండలకు చేరినప్పుడు ఉబ్బుతుంది. బిగుతుగా చేసిన తలుపు అక్కడ తెరుచుకోదు. టేకు ఈ మార్పులను చాలావరకు తట్టుకొంటుంది, కాని ఖరీదు. నల్లతుమ్మ గట్టిది, బండి చక్రాలకు వాడుకలో ఉన్నది, కాని బరువు. అందువలన చట్రానికి టేకు, పలకలకు నీటికి చెడని రకం ప్లైవుడ్ అన్నది నడిమి మార్గం. ఈ మాటలన్నీ చెప్పగలవాడు వడ్రంగియే. అతనిని అడిగేవారు లేరు. శ్రీనాథునికి ఆపాదించిన చాటువులలో పల్నాటి తిండికీ, నీటికీ ఎగతాళి మిగిలింది. ఆ సీమ పనివాని తెలివికి ఈనాటి యజమాని చూపే నిర్లక్ష్యం అంతకన్న పెద్ద ఎగతాళి.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. నమోదు పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిర్దేశిస్తున్నది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నియమాన్ని స్పష్టం చేసింది. కాంపర్ వ్యాను, మోటారు కారవాన్ అన్న తరగతులు నమోదు నిబంధనలలో ఉన్నాయి. కనుక రవాణా శాఖను ముందుగా సంప్రదించి పని మొదలుపెట్టడం ఉభయులకూ క్షేమం.

‘ఇంతా చేసి, ఇది కొద్దిమంది విహారానికే కదా!’ అన్న ఆక్షేపణకు సమాధానం నల్లమలలో దొరుకుతుంది. చెంచుగూడేలకు వెళ్ళే వైద్యుడు ఆ రాత్రి అక్కడే బస చేయగలిగితే, చీకటి పడకముందే తిరుగుముఖం పట్టవలసిన అవసరం ఉండదు. మందుల అరలు, మడిచి పెట్టగల పరీక్షాబల్ల, ఒక పడక ఉన్న దృఢమైన వాహనానికి కావలసిన కొయ్యపని, విహారవాహనపు పని ఒక్కటే. సంచార గ్రంథాలయానికీ అంతే. జర్మనీలో వోక్స్‌వాగన్ వ్యానుకు వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లో లోపలి అమరికలు చేయనారంభించినప్పుడు, అది వారంలో పని, సెలవులో విహారం అన్న రెండు అవసరాలనూ దృష్టిలో ఉంచుకొన్నది. తీసిపెట్టగల అమరిక వలన ఒకే వాహనం రెండు విధాల ఉపయోగపడింది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. అటువంటి విధానాలు వచ్చినప్పుడు, లోపలి పనిని దూరపు కర్మాగారాలకు అప్పగించక, స్థానిక పనివారికి కొంత భాగమైనా కేటాయించడం న్యాయం.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. శిక్షణ, పనిముట్లకు సాయం, రుణం దానిలో ఉన్నాయి. అయితే కదిలే కట్టడాల విద్యను ఒక ప్రత్యేక పాఠంగా ఐ.టి.ఐ.లలో చేర్చాలి. బరువు లెక్క, అదురు, చట్టం – ఈ మూడింటిని కుర్రవాళ్ళకు ఉపాధ్యాయులు చెప్పవచ్చు. తొలి వేయడం, చీల బిగించడం, ఎక్కడ వదులు విడవాలో పోల్చుకోవడం మాత్రం బండ్లు చేసిన పెద్దల చేత చెప్పించాలి. ఆ పెద్దలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారిని బోధకులుగా పిలిచినప్పుడు రోజుకూలి లెక్కన కాక, ఉపాధ్యాయునికిచ్చే వేతనమే ఇవ్వాలి. వాహన యజమానులు సైతం పలకల ధరను, కూలిని విడివిడిగా కట్టి బేరమాడడం మాని, కొలతల అచ్చు తీయడానికీ, చెక్క ఎంచడానికీ పట్టే రోజులను మొదటి లెక్కలోనే చేర్చాలి.