జీతంతో పాటు హక్కులూ వదులుకోవాలా?

నెలజీతం మానేసి, ఏ ఒక్క పత్రికకూ కట్టుబడకుండా ఆటల గురించి రాసుకుంటానని ఒక స్త్రీ అంటే ఇంట్లో ‘పిచ్చి పట్టిందా’ అంటారు. ఆఫీసులో ‘పెళ్ళా, పిల్లలా’ అని ఆరా తీస్తారు. అదే పని మగవాడు చేస్తే సాహసం. ఇది మనకు కొత్త కాదు. అసలు చిక్కు వేరే ఉంది.

ఆమె ఎందుకు మానేస్తోంది? 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. 2025లో ప్రపంచకప్ గెలిచిన మహిళా క్రికెట్ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. గెలిచిన రోజు మొదటి పేజీ దొరుకుతుంది. ఆ పిల్లలు ప్రాక్టీసుకు ఎలా వెళ్ళారు, హాస్టల్లో ఏం తిన్నారు, కోచ్ చెయ్యేస్తే ఎవరికి చెప్పుకున్నారు అన్నవి రాయాలంటే వారాల తరబడి తిరగాలి. రోజువారీ డ్యూటీలో అది కుదరదు. 2023 జనవరిలో వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్ తదితర మల్లయోధులు జంతర్ మంతర్ దగ్గర బైఠాయించారు. సమాఖ్య లోపలి సంగతులు అంతదాకా ఎందుకు బయటికి రాలేదన్న ప్రశ్న ఆటల పేజీలకూ తగులుతుంది. పెద్ద సంస్థల్లో ఏళ్ళ తరబడి పనిచేసి తర్వాత స్వతంత్రంగా రాస్తున్న శారదా ఉగ్ర, అదే ఏడాది క్రికెట్ బోర్డు మీద రాజకీయ పట్టు గురించి కారవాన్‌లో రాసింది. అలాంటి రాతకు తీరిక కావాలి, తెగువ కావాలి.

అయితే తెగువ ఒక్కటే చాలదు. 1977లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, బేస్‌బాల్ ఆటగాళ్ళ గదిలోకి మగ విలేకరులను పంపి మెలిస్సా లడ్కీని ఆపేశారు. ఆమె కోర్టుకెక్కింది. స్టేడియం నగరపాలక సంస్థది కనుక ఈ వివక్ష చెల్లదని 1978లో న్యాయమూర్తి కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ తీర్పు చెప్పింది. ఈ కథ చెప్పేటప్పుడు మనం తరచు మరిచిపోయేది, ఆ దావాలో ఆమె యాజమాన్యం టైమ్ సంస్థ కూడా వాది అని. జీతం వదిలిన స్త్రీ పక్కన ఏ కంపెనీ నిలబడుతుంది? ప్రెస్ పాసుకే సాధారణంగా ఏదో ఒక సంస్థ ఉత్తరం అడుగుతారు. 2017 సవరణతో వచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు ఉద్యోగినికే.

చేతిలో ఉన్నవి మాత్రం వదులుకోకూడదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, స్వతంత్రంగా రాసిన వ్యాసం మీద మొదటి హక్కు రాసినామెదే. చూడకుండా సంతకం పెడితే అదీ పోతుంది. 2013 లైంగిక వేధింపుల చట్టం బాధితురాలు ఉద్యోగిని అయినా కాకపోయినా వర్తిస్తుంది. స్టేడియంలో ఏ క్రీడాసంఘం అధికారో వేధిస్తే ఆ సంఘపు అంతర్గత కమిటీకి, పదిమంది కంటే తక్కువ పనిచేసేచోట కమిటీ లేకపోతే జిల్లాలోని స్థానిక కమిటీకి, మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఆ కమిటీ మీ జిల్లాలో పనిచేస్తోందా? అధ్యక్షురాలెవరు? ఫిర్యాదు ఎక్కడ తీసుకుంటారు? కలెక్టరాఫీసులో అడిగి తెలిసింది మాకు రాయండి. వచ్చే సంచికలో జిల్లాలవారీగా వేస్తాం.